మూడో కేకకు పలికిన మూల

అది అక్టోబరు పదిహేడు, బుధవారం. రాత్రి ఒంటిగంట దాటి పది నిమిషాలు. ఆ వేళను మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ మరిచిపోలేదు.

అక్కడొక మొక్కజొన్న చేను ఉంది; దాని ఉత్తరం మూల అంటే చుట్టుపక్కల వాళ్ళందరికీ హడలు. పగటిపూట కూడా అక్కడ ఒకరినొకరు పిలుచుకోరు. పిలిస్తే... మనిషి లేని చోటి నుంచి బదులొస్తుందని.

పదకొండేళ్ళ కిందట ఆ చేను వాళ్ళ చిన్నకొడుకు అక్కడే పోయాడు. అడవిపంది జాడ చూద్దామని చీకట్లో వంగి వెళ్ళాడు — పందే అనుకుని ఎవరో కాల్చారు. అది ఎవరి తుపాకీయో ఈనాటికీ తేలలేదు. పైవాడికే తెలియాలి.

పందుల్ని కాల్చుకోడానికి అటవీ ఆఫీసు వాళ్ళు రైతులకిచ్చే పర్మిట్ కాగితంలో ఆ చావు తర్వాతే ఒక కొత్త షరతు చేరింది. సొంత గట్టు దాటి కాల్చకూడదు, కరెంటు తీగ పెట్టకూడదు, పిల్లలున్న పంది జోలికి పోకూడదు... ఇవన్నీ పాతవే. కొత్తది ఒక్కటే. తుపాకీ ఎత్తాక ‘ఎవరదీ’ అని మూడుసార్లు కేకెయ్యాలి. కేక కేకకీ పది లెక్కపెట్టాలి. మనిషైతే పలుకుతాడు. పలక్కపోతే పందే.

ఆ రాత్రి మంచె మీద కాపలా ఉన్నది పెద్దకొడుకు. పక్కన టార్చి పట్టుకుని అతని బావమరిది. నాలుగెకరాల్లో రెండెకరాలు అప్పటికే పందుల పాలయ్యాయి. మిగిలిన రెండూ పాలకంకి మీదున్నాయి. అవి కూడా పోతే ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ తిండి ఉండదు.

“పందికి ఈ పిలుపులేంటి బావా? పెళ్ళి భోజనానికి రమ్మంటున్నావా?” బావమరిది గుసగుసలాడాడు. “మూడు రాత్రులుగా నువ్వు పిలవడం, అవి పారిపోవడం, అవతలి వైపు నుంచి వచ్చి మేసిపోవడం!”

“నోరు ముయ్యరా. షరతు షరతే.”

“మేస్తున్నవాటికి తెలుసా ఈ షరతు?”

పెద్దకొడుకు ఉత్తరం మూల వైపే చూస్తున్నాడు. గాలి లేదు. అయినా అక్కడ రెండు సాళ్ళు కదిలాయి...

టార్చి వెలిగింది.

ఆకుల మధ్య, నేలకి జానెడు ఎత్తులో, రెండు కళ్ళు. పచ్చగా మెరుస్తూ. వాటి వెనక ఏదో నల్లటి ముద్ద, వంగి ఉంది.

తుపాకీ ఎత్తాడు. పదకొండేళ్ళుగా ఆ మూలలో ఎవరూ నోరెత్తి పిలవలేదు.

“ఎవరదీ...?”

ఒకటి, రెండు, మూడు... పది వరకూ లెక్కపెట్టాడు. బదులుగా ఒకటే చప్పుడు — గుర్... గుర్...

“పందే బావా! చూడు, బెదరడం లేదు. ఇలా నిలబడే పంది మళ్ళీ దొరకదు!”

“ఎవరదీ?”

గుర్... గుర్ర్... ఈసారి కాస్త గట్టిగా.

మూడోసారి అతను కేకేశాడంటే కేకేశాడు, అంతే. మనసులో తీర్పు అప్పటికే అయిపోయింది. పది లెక్క పూర్తయింది. గుర్రుమంటూనే ఉంది. వేలు ట్రిగ్గరు మీద బిగిసింది —

“అన్నయ్యా... నేనే.”

మెల్లగా, నిద్రలోంచి లేచినవాడిలా... పడుచు గొంతు.

తుపాకీ గొట్టం దానంతటదే కిందికి వాలింది. బావమరిది టార్చిని అటూ ఇటూ తిప్పి వెతికాడు. “ఎవరో... ఎవరో పలికారు కదా బావా?”

పెద్దకొడుకు నిచ్చెన ఎలా దిగాడో అతనికే తెలియదు. మొక్కలు తోసుకుంటూ మూలకి పరుగెత్తాడు.

అక్కడ ఒక ముసలాయన. నల్ల కంబళి కప్పుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు ఒక కుక్క పడుకుని ఉంది. మెరిసింది దాని కళ్ళే. పెద్దాయన కళ్ళ నిండా నీళ్ళు.

ఇంతలో గట్టు మీద లాంతరు ఊగుతూ వచ్చింది. “మావయ్యా! మావయ్యా!” పక్క చేను కౌలుకి తీసుకుని నాలుగు రోజుల కిందటే వచ్చిన కుటుంబంలోని కోడలు. “రాత్రిళ్ళు లేచి నడిచిపోతాడండీ, ఎంత కాపు కాసినా!”

“మీ మావయ్యకి ఇంకా నూకలున్నాయమ్మా,” అన్నాడు పెద్దకొడుకు. “ఆఖరి క్షణంలో పలికాడు. లేకపోతే ఈ చేతులతోనే...”

“అదీ వరస కలిపి మరీ!” బావమరిది భయం దాచుకుంటూ నవ్వబోయాడు. “ఎనభై ఏళ్ళ మనిషి మా బావని అన్నయ్యా అన్నాడు.”

ఆ అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. లాంతరు కింద పెట్టింది.

“మా మావయ్యా? పలికాడా?... పక్షవాతం వచ్చి రెండేళ్ళయిందండీ. నోట మాట లేదు.”

పెద్దాయన అవునన్నట్టు తలూపాడు. ఏదో చెప్పబోయాడు. మెడ నరాలు తేలాయి, పెదవులు వంకర తిరిగాయి. వచ్చింది ఒకటే చప్పుడు.

గుర్... గుర్...

మూడు కేకలకీ ఆయన పలుకుతూనే ఉన్నాడు పాపం.

తెల్లవారుజామున పెద్దకొడుకు తల్లి మంచం దగ్గర కూలబడి జరిగినదంతా చెప్పాడు. ఆ తల్లి ఎవరి గొంతని అడగలేదు. ఒకే మాట అడిగింది.

“గొంతు బాగుందా నాయనా?”

“బాగుందమ్మా.”

పొద్దు పొడవగానే అతను తుపాకీ, పర్మిట్ కాగితం పట్టుకెళ్ళి ఆఫీసులో అప్పజెప్పి వచ్చాడు. పందులకి వదిలే కన్నా నయమని, గింజ గట్టిపడకుండానే కోత మొదలుపెట్టారు. సగం తిండైనా దక్కుతుందని అతని భార్య, బావమరిది, పిల్లలు అందరూ కొడవళ్ళు పట్టుకుని చేలో దిగారు.

పదకొండేళ్ళుగా ఆ చేలో అడుగుపెట్టని తల్లి ఉత్తరం మూల తనకి వదిలెయ్యమంది.

ఎండెక్కేదాకా ఒక్కతే అక్కడ కోసింది. కోస్తూ మెల్లగా ఏదో మాట్లాడుతోంది. మధ్యమధ్య కొడవలి ఆపి, తలొంచి వింటోంది. ఒకసారి నవ్వింది కూడా.

వద్దన్నవాళ్ళు లేరు. దగ్గరికి వెళ్ళినవాళ్ళూ లేరు.