అర్విడ్ గంట కింది కుర్చీ

ఇది చిన్న కథ. రెండు నిమిషాల్లో అయిపోతుంది. అసలు లైల్ బ్రెక్కె కథలేవీ పెద్దవి కావు. పెళ్ళే పద్నాలుగు నెలల్లో అయిపోయింది. పెళ్ళాం వెళ్ళిపోతూ మంచి పెనం పట్టుకుపోయిందని ఊరంతా జాలిపడింది గానీ, ఆ పెనం ఆమె తల్లి వర్నాది. వర్నా ఇచ్చింది ఏదీ వదిలిపెట్టదు. పెనమైనా, మాటైనా...

సరే, గంట సంగతి.

మా సరస్సులో, ఒడ్డు నీళ్ళలోకి పొడుచుకొచ్చిన పెలికాన్ కొమ్ము దగ్గర చోటు మంచిది కాదు. చలికాలం నీళ్ళు గడ్డకట్టగానే ఊరివాళ్ళు దాని మీదికి చెక్క గదులు లాక్కెళ్ళి, మంచుకి కన్నాలు తవ్వి, గాలాలు వేసి కూర్చుంటారు. కొమ్ము దగ్గరికి మాత్రం పోరు. పాతికేళ్ళ కిందట అర్విడ్ అక్కడే మంచు విరిగి మునిగిపోయాడు. చేప పడితే మోగేలా గాలానికి కట్టిన ఇత్తడి గంట ఒక్కటే దొరికింది.

అర్విడ్ తమ్ముడు ఓరిన్ ఒక్కడే ఏటా అక్కడ గది పెడతాడు. చేపలు బాగా పడతాయంటాడు. అన్న దగ్గర కూర్చోడానికని ఊరంటుంది. ఆ గంట మోగితే వినలేనని దాని నాలుక పీకి కన్నంలో పారేశాడు. మూగ గంటని గోడకి, ఒక కుర్చీ పైన, మేకుకి తగిలించాడు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు.

లైల్ కూర్చున్నాడు. పొయ్యి పక్కన అదే వెచ్చన.

ఫిబ్రవరి చివర. సాయంత్రం అయిదింటికే చీకటి. గదిలో ముగ్గురు — పేకముక్కలు పంచుతూ ఓరిన్, ఎదురెదురుగా లైల్, వర్నా. నడుమ బల్ల మీద లైల్ పికప్ బండి తాళం, దాని యాజమాన్యం కాగితం. ఆ బండి ముందు రేకు బిగించి ఊరి వాకిళ్ళలో మంచు తోస్తేనే లైల్‌కి చలికాలం తిండి. అలాంటిది పందెంలో పెట్టాడు. ముక్కలు బాగా పడుతున్నాయి మరి.

"బండి జరుపు. పొద్దుట్నించీ ఒకేచోట ఉంది. కింద మంచు కుంగుతుంది," అన్నాడు ఓరిన్.

"ఈ ఒక్క ఆట అయ్యాక, తాతా."

బల్ల మీద అందరికీ కలిపి అయిదు ముక్కలు తెరిచి ఉన్నాయి. లైల్‌కి జత జాకీలు, జత నాలుగులు. మంచి చెయ్యే. కానీ తెరిచిన వాటిలో మూడు ఆఠీన్లు. వర్నా చేతిలో ఇంకో రెండు ఆఠీన్లుంటే అయిదూ ఒకే రంగు, లైల్ జతలు ఎందుకూ పనికిరావు... అంతే.

వర్నా తన డబ్బంతా ముందుకి తోసింది. పైన మంచు తవ్వే బర్మా కూడా పెట్టింది.

"ఊఁ, చెప్పు అల్లుడూ. నా కూతుర్ని పోగొట్టుకున్నావు. బండి కూడానా?"

ముక్కలు దించేస్తే — బండి పోయినట్టే. చూపించమంటే — సమానంగా పెట్టడానికి మిగిలింది పడవ. పందెం పెంచి ఆమెని భయపెడదామంటే — ఉన్న ఇల్లు కూడా బల్లెక్కాలి. వర్నా భయపడగా ఈ జిల్లాలో ఎవరూ చూడలేదు.

ఆమె ముఖంలోకి చూశాడు. బిస్కెట్ నములుతోంది.

లైల్ పెదవి విప్పాడు. "సరే, పడవ... చూ—"

టింగ్.

ముగ్గురూ గాలాల వైపు తిరిగారు.

వర్నా గాలం గంట చూశారు. కదల్లేదు. ఓరిన్‌ది — కదల్లేదు. లైల్ అసలు గాలమే వెయ్యలేదు.

టింగ్... టింగ్...

లైల్ నెత్తి మీద.

"దానికి నాలుక లేదు," గుసగుసగా అన్నాడు ఓరిన్.

"మోగిందిగా!" వర్నా నమలడం ఆపలేదు. "రూలు రూలే. ఎవరి గంట మోగితే వాళ్ళు ముక్కలు బోర్లా పెట్టి, ఆ ఆట వదులుకుని లేవాలి. చేప ముందు, పేక తర్వాత. నువ్వు పెట్టిన రూలే కదా, ఓరిన్?"

ఓరిన్ గంట వంకే చూస్తూ తలూపాడు.

"అత్తా, అది దెయ్యం గంట! నాది కాదు!"

"నీ నెత్తి మీదుంది. నీదే."

లైల్ చేతులు వాటంతటవే ముక్కలు బోర్లించాయి. వర్నా తాళం అందుకుంది. కాగితం వెనక అప్పటికప్పుడే సంతకం పెట్టించుకుంది, ఓరిన్ చేత సాక్షి సంతకం కూడా. ఆ తర్వాత తన ముక్కలు తిప్పింది. ఒక ఆరు, ఒక మూడు. ఒక్క ఆఠీను కూడా లేదు.

లైల్ గెలిచి ఉండేవాడు. గెలిచి, వెళ్ళి, బండిలో కూర్చుని ఉండేవాడు.

అప్పుడే బయట — ఫెళ్ళున చప్పుడు. గది ఊగింది. తలుపు తీసేసరికి, గది వెలుతురు పడి మెరుస్తూ బండి వెనక దీపాలు నల్లటి నీళ్ళలోకి దిగుతున్నాయి. ఎర్రగా... మెల్లగా...

మంచు కుంగి గది కదిలింది, గంట మేకుకి కొట్టుకుంది, అంతేనని ఊరు తేల్చింది.

మునిగిన బండిని ముప్పై రోజుల్లో యజమానే పైకి తీయించాలని మా దగ్గర చట్టం. యజమాని వర్నా. ఈతగాళ్ళకీ, క్రేనుకీ ఆమె బండి ధరకి రెండింతలు పోసింది. వెనక తొట్టిలో బురద, ఒక పార, వేలెడంత ఇత్తడి నాలుక దొరికాయి. పార వర్నా తీసుకుంది.