ప్రాపర్టీ కవరు

ఆ ఇంట్లో ఏ మాట మొదలైనా చివరికి గాజుల దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఉప్మాలో ఉప్పు తగ్గిందన్నా సరే. శనివారం ఉదయం రాజబాబు నోరు జారి సరిగ్గా ఆ మాటే అన్నాడు.

"ఉప్పు తగ్గితే తెలిసిందా తమరికి? నా నాలుగు గాజులూ తగ్గినప్పుడు తెలియలేదేం?" అంది పుష్పకుమారి వంటింట్లోంచి.

రాజబాబు తల వంచుకుని ఉప్మా తిన్నాడు. ముప్ఫై ఏళ్ళు సినిమాల్లో ప్రాపర్టీ పని చేసిన మనిషాయన. సెట్లో కనబడే కుర్చీ, కత్తి, వీలునామా, ప్రేమలేఖ, అన్నీ సినిమావాళ్ళ భాషలో ప్రాపర్టీయే. కావలసిన వస్తువు దొరికితే తేవాలి, దొరక్కపోతే తయారు చేయాలి. తొంభై నాలుగులో భార్య గాజులు అమ్మి, "డబ్బు ప్రాపర్టీలో పెట్టాను" అన్నాడు. స్థలం కొన్నాడు కాబోలని ఆవిడ మురిసిపోయింది. రెండేళ్ళు గడిచినా స్థలం కనబడలేదు. అప్పుడు ఆవిడకి తోచిన అర్థం ఒక్కటే. తన గాజులు అట్ట కిరీటాలకీ చెక్క తుపాకులకీ పోయాయని చర్చిలో పదిమందికీ చెప్పుకుంది. రాజబాబు అవునని అనలేదు, కాదనీ అనలేదు.

ఈ పాట వింటూనే పెరిగింది కూతురు జెరూష. జూబ్లీహిల్స్‌లో ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తోంది. మొండితనంలో అచ్చం తల్లే. ఆ రోజు తండ్రి చెయ్యి కడుక్కునే దాకా ఆగి, ఒక పాత కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద ఎర్ర పెన్సిల్‌తో 'ప్రాపర్టీ' అని రాసి ఉంది.

"చెదలు పట్టాయని మొన్న నీ ట్రంకు పెట్టె దులిపాను నాన్నా. అందులో దొరికింది."

కవర్లో ఆకుపచ్చ లతల అంచు ఉన్న దళసరి కాగితం. తమ్మిలేరు సిమెంట్స్, రెండు వందల షేర్లు. పేరు, బి. పుష్పకుమారి.

రాజబాబు ముఖం పాలిపోయింది. "అది సినిమా కాగితం తల్లీ. నేను చేసిందే. చించి పారెయ్."

"సినిమా కాగితమా? తమ్మిలేరు ఇంకో పెద్ద కంపెనీలో కలిసిపోయింది. ఎవరూ అడగని షేర్ల జాబితాలో వెతికితే ఇదే నంబరు, అమ్మ పేరు, మన పాత చిరునామా వచ్చాయి. ఉత్తుత్తి కాగితానికి నిజం నంబరు ఎక్కడిది?"

"నీకెందుకమ్మా ఇవన్నీ? చించెయ్ అన్నానా!"

ఆయన గొంతు పెంచడం జెరూష ఎప్పుడూ వినలేదు. అయినా కదలలేదు. "చించను. నాకు ముప్ఫై రెండేళ్ళు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ గాజుల గొడవే. ఇవాళ అటో ఇటో తేలాల్సిందే. చెప్పు నాన్నా."

 రాజబాబు మెల్లగా మొదలుపెట్టాడు.

"గాజులమ్మి కొన్నది షేర్లే. ఆ రోజుల్లోనే ఫిల్మ్‌నగర్‌లో షూటింగు పడింది. హీరో విలన్ ముందు షేరు కాగితం కాల్చెయ్యాలి. అచ్చం అసలుదిలా ఉండాలన్నారు. మనింట్లో ఉంది కదాని అసలుది ముందు పెట్టుకుని, నంబర్లతో సహా దించేశాను. రెండూ ఒకే కవర్లో పట్టుకెళ్ళాను. పొద్దు వాలిపోతోందని కెమెరావాళ్ళ అరుపులు. ఆ కంగారులో హీరో చేతికి అసలుదే ఇచ్చాను. ఒక్క టేకులో ఓకే అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి కవరు విప్పితే ఇది ఉంది."

"ఇది నకలని నీకెలా తెలిసింది? అంత బాగా చేశావు కదా?"

ఆయన కాగితం అడుగువైపు ఒకసారి చూసి, ముఖం తిప్పుకున్నాడు.

గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పుష్పకుమారిని ఇద్దరూ అప్పుడే చూశారు. ఆవిడ అరవలేదు. అదే రాజబాబుని మరీ భయపెట్టింది.

"నా పేరు మీద కొన్నారా?"

"నీ గాజులు కదా."

"మరి ఇన్నేళ్ళూ నేనన్ని మాటలంటుంటే నోరెందుకు విప్పలేదండీ?"

"అట్ట కిరీటాలకి తగలేశాననుకుంటే నన్ను దుబారా మనిషంటావు. నా చేత్తోనే మంటకిచ్చానంటే చేతకానివాడంటావు. దుబారాయే నయమనిపించింది."

పుష్పకుమారి గరిటె బల్ల మీద పెట్టింది. కోపమో జాలో ఆవిడకే తెలియలేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

"సోమవారం షేర్ల లెక్కలు చూసే ఆఫీసుకి వెళ్తున్నాం," అంది జెరూష.

"దొంగ కాగితం పట్టుకెళ్తే లోపలేస్తారమ్మా!"

"దొంగ కాగితం ఎవరిస్తారు? అసలుది కాలిపోయిందని నిజమే చెబుదాం."

"నేనూ వస్తాను," అంది పుష్పకుమారి. "కాలింది కాగితమేగా, నేను కాదుగా."

సోమవారం ఆ ఆఫీసులో నర్సింహ అనే ఉద్యోగి వాళ్ళ కథంతా విని నవ్వాపుకోలేకపోయాడు.

"కాగితం కాలితె షేరు కాలుతదా పెద్దాయనా? అమ్మ పేరు రిజిస్టర్ల పదిలంగున్నది. ఏండ్ల సంది ఎవ్వరు అడగలేదని సర్కారు దగ్గరికి పోయినయ్. గాడికెళ్లి తెచ్చుకోవాలె, గంతే."

కాలినప్పుడే కంపెనీకి రాజబాబు ఒక ఉత్తరం ముక్క రాసి ఉంటే సరిపోయేది. కాగితాలతోనే బతికిన మనిషికి కాగితం వెనకాల రిజిస్టరు ఉంటుందని తెలియలేదు.

"సినిమాలో కాలిపోయిందని రాయాలా?" అని అడిగింది జెరూష.

"గదే రాయుండ్రి. నిజమే గదా. ఆర్నెల్లు పట్టొచ్చు, ఏడాది గూడ పట్టొచ్చు. ఓపిక పట్టాలె. కానీ వచ్చినయంటె అమ్మకి చేతికి పట్టనన్ని గాజులొస్తయ్."

"ముప్ఫై ఏళ్ళు తిట్టాను. ఒక్క ఏడాది తిట్టకుండా ఉండలేనా?" అంది పుష్పకుమారి.

బ్యాంకులో ఎలా చేస్తారో అలాగే దరఖాస్తు మీద సంతకం చేయాలన్నాడు నర్సింహ. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, తెలుగులో, నిదానంగా చేసింది. 'పు' కొమ్ము కిందికి సాగి, పేరు మొత్తం చుట్టి వచ్చింది. అది చూడగానే జెరూషకి ఏదో గుర్తొచ్చింది. సంచీలోంచి నకలు తీసింది. అడుగున కంపెనీ డైరెక్టరు సంతకం ఉండాల్సిన చోట అదే 'పు', అదే చుట్టు.

"నాన్నా! ఇది అమ్మ సంతకం!"

రాజబాబు గోడకేసి చూస్తూ చెప్పాడు. "ఇంకొకళ్ళ సంతకం పెడితే దొంగతనం కదమ్మా. అందుకే సినిమాలో ఏ కాగితం చేసినా మీ అమ్మదే పెట్టేవాణ్ణి. జమీందారు వీలునామాకి, బ్యాంకు చెక్కుకి, బంగళా దస్తావేజుకి, అన్నిటికీ."

పుష్పకుమారి ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. తన పేరుని వేలితో అటూ ఇటూ నిమిరింది.

"నన్ను డైరెక్టర్ని చేసి ఒక్క మాటైనా చెప్పలేదే మీరు," అంది. నవ్వబోయి ఏడ్చేసింది. రాజబాబు జేబురుమాలు తీసి ఇచ్చాడు.

"ఆ నకలు చింపెయ్యుండ్రి అమ్మా. ఎవలన్న చూస్తె పరేషాను," అన్నాడు నర్సింహ.

ఆవిడ దాన్ని ఎర్ర పెన్సిల్ రాత ఉన్న కవర్లో పెట్టి, కవరు చేతిసంచీలో బైబిలు పక్కన దాచుకుంది.

"చింపను బాబూ," అంది. "ఇది నా ప్రాపర్టీ."