సంపు మోటరుకు చెంబెడు నీళ్లు

శనివారం పొద్దున రూప ఫోన్ చేసిందంటే పృథ్వీ ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. సూర్యాపేటలో అతనిది మోటర్లు బాగుచేసే షాపు. రూప వాళ్ల సంపు మోటరు అక్కడికి ఎన్నిసార్లు వచ్చిందంటే, వదిలేస్తే అదే నడిచి వచ్చేటట్టుంది.

"మళ్ల మూలుగుతున్నది. ట్యాంకుకు మాత్రం చుక్క ఎక్కుతలేదు," అంది రూప గేటు దగ్గరే. "అసలు నీకు పనొస్తదా?"

"రాకుంటే నన్నే ఎందుకు పిలుస్తున్నవ్?"

"ఇంకొకడు దొరికేదాక."

మోటరు మీద పసుపు, కుంకుమ, వాడిన బంతిపూలు. గృహప్రవేశం నాడు ఇంటికి గంగమ్మను తెచ్చిన మోటరని రూప తల్లి కన్యకమ్మకు దాని మీద భక్తి. ప్రతి శుక్రవారం బొట్టు పెట్టి, నెత్తిన చెంబెడు నీళ్లు పోస్తుంది. తెల్లారేసరికి అది మూలనపడుతుంది. పూజను దేవుడు కాదంటాడా? మోటరు మాత్రం నీళ్లు వద్దంటుంది. ఈ సంగతి పృథ్వీకి ఎప్పుడో తెలిసింది. నోరు మాత్రం విప్పలేదు.

"జర జల్ది కానీయ్," అంది రూప నేల చూస్తూ. "రేపు కోదాడ నుంచి నన్ను సూడ వస్తున్నరు."

పృథ్వీ చేతిలోని పానా జారి కాలి మీద పడింది. కుంటుతూ మోటరు చుట్టూ తిరిగాడు. చివరికి దాని ముందే కూలబడి చెప్పేశాడు.

"దీన్ని మార్చాలె రూపా. నెత్తిన నీళ్లు పడి పడి బాడీ తుప్పు పట్టింది, షాఫ్టు అరిగింది. ఎంత రిపేరు చేసినా మళ్ల కాలుతది. కొత్తది పెడత."

"మొన్నటిదాక ఇంకా శానేండ్లు నడుస్తదన్నవ్. కోదాడోళ్లు అనంగనే మార్చాల్నా? ఇగ ఈ ఇంటికి రావద్దనా?" అంది రూప.

"మొన్నటిదాక చెప్పిందే అబద్ధం. పోయినేడే మార్చేదుండె. కొత్తది పెడితే నన్నెందుకు పిలుస్తవ్?"

వెనుక అలికిడైంది. కన్యకమ్మ మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉంది.

"అయితే నేను నీళ్లు పోస్తేనే ఖరాబైతున్నదా బిడ్డా?"

"అవునత్తమ్మా."

"మరి చెప్పొచ్చు గద."

"చెప్తే పొయ్యరు గద."

కన్యకమ్మ అతన్ని చూసింది. ఎర్రబడ్డ కూతురి మొహం చూసింది.

"ఏ సంబంధం తెచ్చినా మావోడు వద్దంటున్నడని మీ అమ్మ ధనలక్ష్మి గుళ్లె కలిసినప్పుడల్లా ఏడుస్తది. ఎందుకో ఇప్పుడు తెలిసింది," అంటూ గ్లాసు అతని చేతిలో పెట్టి, బియ్యం దుకాణంలో ఉన్న భర్తకు ఫోన్ కలిపింది. "ఏమండి, కోదాడోళ్లను రావద్దనుండ్రి. ఇంట్ల నీళ్లు లెవ్వు. మీరైతే బిరాన రాండ్రి, ధనలక్ష్మి ఇంటికి పోదాం."

ఆమె లోపలికి వెళ్లాక పృథ్వీ తలవంచుకున్నాడు.

"తప్పయింది రూపా. అత్తమ్మతోని ఉత్తగనే ఇన్ని శుక్రవారాలు నీళ్లు పోయించిన."

రూప వంగి పానా తీసి అతనికిచ్చింది.

"అమ్మకు చెంబు నిండ నింపి ఇచ్చింది ఎవరనుకున్నవ్?"