రెండంగుళాల లూజు

రాడ్డు గోడకి ఆనించి చూశాను. రెండంగుళాలు ఎక్కువైంది.

టేపు తీసి పైన, మధ్యలో, కింద కొలిచాను. మూడుచోట్లా యాభై నాలుగే. నా చేతిలోని కాగితం మీద మాత్రం యాభై ఆరు అని ఉంది. ఒళ్ళు మండిపోయింది.

"మేడం! ఒకసారి ఇలా రండి!"

ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. మెడలో టేపుతో టైలరమ్మ బాత్రూమ్ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"అలా అరవకండి. నాకేం చెవుడు లేదు."

"ఈ గోడ నుంచి ఆ గోడకి ఎంత?"

"యాభై నాలుగు."

"మరి నాకు యాభై ఆరని ఎందుకు పంపారు?"

"లూజు కలిపి పంపాను. అటో అంగుళం, ఇటో అంగుళం."

"గోడకి లూజేంటండీ? గోడేమైనా భోంచేసి లావవుతుందా?"

"నేను బుద్ధెరిగాక లూజు కలపకుండా ఎవరికీ కొలత రాయలేదు. చేతి అలవాటు! మీరు అడగొచ్చుగా?"

"అడగడమేంటి? గోడ కొలత గోడంతే ఉంటుంది కదా!"

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ కొలత తీయాల్సింది నేనే.

బాత్రూములో స్నానం చేసే చోటుకి అడ్డంగా వేసే ఫ్రేము లేని స్లైడింగ్ గ్లాసు డోరంటే సగం గ్లాసు గోడకి కదలకుండా ఉంటుంది. మిగతా సగం పైనున్న రాడ్డు మీద చక్రాలతో జరుగుతుంది. చుట్టూ ఫ్రేము లేదు కాబట్టి ఫిట్టరు తన తప్పు దాచుకోవడానికి చోటుండదు. పైగా టఫెన్డ్ గ్లాసు ఒకసారి తయారయ్యాక కొయ్యడం కుదరదు. కోశామా, మొత్తం పలుకులు పలుకులై రాలిపోతుంది. అందుకే టైల్స్ వేశాక ఫిట్టరే వచ్చి కొలుచుకోవాలి.

నేను రాలేదు. దానికి కారణం ఈవిడ ముక్కు.

నెల క్రితం మొదటిసారి వచ్చినప్పుడు ముందు గదిలో నేల మీద పరిచిన నీలం సిల్కు గుడ్డ మీద బూటుకాలు వేశాను. సుద్ద గీతలన్నీ చెరిగిపోయాయి.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అంది.

"నేలంతా గుడ్డలు పరిస్తే ఎగిరి రావాలా?" అన్నాను.

ఆ తర్వాత పావుగంట ఇద్దరం ఒకరి మాట ఒకరు వినకుండా అరుచుకున్నాం. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నా కోపంతో ఎర్రబడ్డ ఆ ముక్కే కళ్ళముందు ఆడింది. మూడు రోజులు నిద్ర పట్టలేదు. ఎవరి మీదా నాకంత కోపం అన్నాళ్ళు నిలవలేదు. అందుకే టైల్స్ అయ్యాక రాకుండా మెసేజ్ పడేశాను. "టైలరే కదా, కొలవడం వచ్చు కదా, కొలిచి పంపండి." జవాబుగా ఒక్క అంకె వచ్చింది. ముందూ వెనకా ఒక్క మాట లేదు. రాడ్డూ గ్లాసులూ ఆ అంకె ప్రకారమే చేయించాను.

"కొత్త గ్లాసు ఎప్పటికొస్తుంది?" అని ఇప్పుడు అడిగింది.

"నాలుగు రోజులు పడుతుంది."

ఎర్రబడ్డ ముక్కు ఒక్కసారిగా తెల్లబోయింది. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"రేపు సాయంత్రం నాయనమ్మ ఆస్పత్రి నుంచి వస్తోంది. తుంటి ఎముక ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నడుస్తుంది. ఒంటి మీద ఇంకొకళ్ళ చెయ్యి పడనివ్వదు, స్నానం తనే చేసుకోవాలి. బాత్రూమ్ రెడీగా లేకపోతే వాళ్ళమ్మని తన ఊరు తీసుకెళ్ళిపోతానన్నాడు బాబాయి. ఆవిడకి అక్కడ ఉండటం చచ్చినా ఇష్టం లేదు. ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే."

ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. నా వైపు చూసి, "అలా గుడ్లప్పగించి చూడకపోతే ఏదో ఒకటి చెయ్యొచ్చుగా!" అని కసిరింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"రాడ్డు కోస్తాను. ఉన్న గ్లాసే బిగిద్దాం. దారి ఎంత వస్తుందో చూద్దాం. మా జోడీ మేస్త్రీకి జ్వరం. ఒక పక్క మీరు పట్టాలి."

ముప్పై అయిదు కిలోల గ్లాసు. అటువైపు ఆమె, ఇటువైపు నేను. మూల టైలుకి తగిలితే పగులుతుందని కింద అట్టలు పరిచాను.

"మెల్లగా! నన్ను చూడకండి, గ్లాసుని చూడండి!" అన్నాను.

"గ్లాసులోంచి మీరే కనిపిస్తుంటే నేనేం చెయ్యను?"

నేను గ్లాసునే చూస్తూ దాన్ని గోడకి నిలబెట్టాను. తలుపు గ్లాసు రాడ్డుకి తగిలించాను. చక్రాలు చప్పుడు లేకుండా జరిగాయి. ఆమె పరుగున వెళ్ళి కొత్త వాకర్ తెచ్చింది. వాకర్ వెడల్పు ఇరవై నాలుగంగుళాలు. దారి ఇరవై మూడు. గ్లాసుకి టక్కున తగిలి ఆగిపోయింది.

"అంగుళం! ఒక్క అంగుళం!" అని జుట్టు పీక్కున్నాను.

ఆమె మాత్రం తలుపుని అటూ ఇటూ జరిపి చూస్తోంది. "తలుపు పూర్తిగా వెనక్కి పోవట్లేదెందుకు?"

"లోపలి హ్యాండిల్ వెళ్ళి కదలని గ్లాసుకి కొట్టుకుంటుంది."

"అది తీసేస్తే?"

"రెండంగుళాలు కలిసొస్తాయి. కానీ లోపలున్న మనిషి తలుపు దేంతో లాగుతుంది? మీ నాయనమ్మగారు లోపలే ఉండిపోతారు!"

"రెండు గ్లాసుల మధ్య సందెంత?"

చిటికెన వేలు పెట్టి చూపించాను. మరుక్షణం ఆమె అక్కడ లేదు. ముందు గదిలో మిషను చప్పుడు జోరుగా మొదలైంది. పది నిమిషాల్లో తిరిగొచ్చింది. చేతిలో బ్యాగులకి వేసే మందపాటి నల్ల పట్టీ, మూడు వరసల కుట్టు, రెండు చివర్లా గట్టి కాజాలు.

"బయటి హ్యాండిల్ బోల్టులు ఈ కాజాల్లోంచి వస్తాయి. లోపల ఈ పట్టీ పట్టుకుని లాగడమే. వేళ్ళు పట్టేంత లూజు వదిలాను." ఒక్క క్షణం ఆగి, "ఈసారి లూజు కావాలి," అంది కోపంగా.

బిగించాను. తలుపు వెనక్కి జరిపితే పట్టీ సందులో అణిగిపోయింది. దారి ఇరవై అయిదంగుళాలు వచ్చింది. వాకర్ లోపలికి వెళ్ళింది. నాకు ఆమెని చూసి అసూయ కలిగింది, చచ్చేంత ముద్దొచ్చింది కూడా. ఆ రెండూ కనిపించకుండా, సందులు మూసే సిలికాన్ జిగురు ట్యూబు తీసుకుని గోడ వైపు తిరిగాను. "రేపు ఈ వేళదాకా నీళ్ళు తగలకూడదు," అని గోడకే చెప్పాను.

మర్నాడు సాయంత్రం నాకక్కడ పనేమీ లేదు. ఆ జిగురు ఆరిందో లేదో చూడాలని నాకు నేనే చెప్పుకుని వెళ్ళాను.

వాకర్ పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. "సిల్కు గుడ్డ తొక్కింది నువ్వేనా? నెల రోజులుగా ఆస్పత్రిలో రోజూ నీ పురాణమే."

"నాయనమ్మా! నువ్వు ముందు స్నానానికి వెళ్ళు!"

ఆవిడ లోపలికి వెళ్ళింది. బాబాయి హాల్లో కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. మేమిద్దరం బాత్రూమ్ బయట కాపలా నిలబడ్డాం. నీళ్ళ చప్పుడు మొదలైంది.

"లూజు సంగతి తర్వాతైనా చెప్పి ఉండాల్సింది," అన్నాను గొంతు తగ్గించి.

"మర్నాడే గుర్తొచ్చింది. మీ నంబరు మూడుసార్లు తీశాను. మళ్ళీ కసురుతారని పెట్టేశాను. ఎవరు తిట్టినా నాకు లెక్కలేదు. మీరు తిట్టిన రోజు మాత్రం కుట్టిందంతా వంకరపోయింది. అసలు కొలవడానికి మీరెందుకు రాలేదు?"

"వస్తే మళ్ళీ పోట్లాడతానని! పోట్లాడితే మళ్ళీ రావాలనిపిస్తుందని! మీ మీద ఉన్నది కోపమనుకున్నాను. ఇష్టమని కనిపెట్టడానికి నెల పట్టింది, చాలా?"

"ఇలా అరుస్తూ చెప్తారా ఎవరైనా?"

"మెల్లగా చెబితే మీరు వినరుగా!"

"విన్నానుగా ఇప్పుడు! నాకూ ఇష్టమే! అరవకండి!"

అప్పుడు గమనించాం. నీళ్ళ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. గ్లాసు డోరు మెత్తగా జరిగిన చప్పుడైంది. కాసేపటికి మనవరాలు కుట్టిన కొత్త నైటీలో, వాకర్ టకటకలాడించుకుంటూ పెద్దావిడ బయటికొచ్చింది.

"ఒరేయ్, నేనెక్కడికీ రాను. నువ్వు బయల్దేరు," అని ముందు కొడుక్కి చెప్పింది. అతను తడిజుట్టు వైపు, వాకర్ వైపు చూసి, "సరేలేమ్మా" అంటూ నవ్వేశాడు.

తర్వాత మా వైపు తిరిగింది. "పట్టీ బ్రహ్మాండం. ఒక్క వేలితో లాగాను. ఏమబ్బాయ్, నీ గ్లాసుకి పైన మూరెడు ఖాళీ ఉందని నీకు తెలియదా? నీళ్ళకంటే మీ మాటలే ఎక్కువ పడ్డాయి నా నెత్తిన."

నాకు నేల చూడటం తప్ప దారి లేకపోయింది. "నాలుగు రోజుల్లో సరైన గ్లాసు తెచ్చి మారుస్తాను బామ్మగారూ," అని గొణిగాను.

"అక్కర్లేదు. ఇదే ఉండనీ. కాకపోతే ఆ బోల్టులు వదులవుతాయేమో, నువ్వు రోజూ వచ్చి చూసి వెళ్ళాలి. మా పిల్లకి కోపం ఎక్కువ, ముందే చెబుతున్నా."

"నాయనమ్మా!" ముక్కు మళ్ళీ ఎర్రబడింది. గేటు దాకా నాతో వచ్చింది. "రేపు ఆరింటికి రండి. ఆలస్యమైతే ఊరుకోను."

మర్నాడు అయిదున్నరకే వెళ్ళాను. ఈసారి బూట్లు బయటే విప్పాను. తనని అయిదింటి నుంచీ గుమ్మంలో నిలబెట్టానని తిట్టింది.