విశ్వకర్మ పూజనాడు పానా

1972 సెప్టెంబరు. ఖరగ్‌పూర్, ఖరిదా బజారులో పట్టపగలు మన ఏజెంటు సోమయాజుల్ని పొడిచి చంపి, అతని బ్రీఫ్‌కేసులోని మైక్రోఫిల్మ్ ఎత్తుకుపోయారు.

"మీ అన్న కోసం ఏడవడానికి టైము లేదు, ఈశ్వరప్రసాద్," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్. "జనవరిలో బ్రిటన్ యూరప్ దేశాల కామన్ మార్కెట్‌లో చేరుతోంది. మెంబర్ల మధ్య సుంకం లేదు, బయటివాళ్ళకి గోడ. ఇన్నాళ్ళూ లండన్‌కి పన్ను లేకుండా పోయిన మన జనపనార సరుకుకి గేటు పడుతుంది. మన చవక సరుకు బదులు అక్కడివాళ్ళు మెంబరు దేశాల ఖరీదైన సరుకు కొంటారు. కొనేవాడికీ నష్టం, నేసేవాడికీ నష్టం. లాభమల్లా మీ అన్నని చంపిన డెక్కర్ ముఠాని మేపే విదేశీ మిల్లుదారులకే!"

"ఫిల్ములో ఏముంది సార్?"

"కామన్ మార్కెట్‌తో సుంకాల బేరంలో మనం ఆఖరికి ఎంతవరకు దిగొస్తామో ఉంది. అది వాళ్ళకి చేరితే మన మిల్లులకి తాళాలే. లక్షమంది నోట్లో మట్టి. డెక్కర్ నాకు ప్రాణాలతో కావాలి."

డెక్కర్ పీక పిసికితే తప్ప ఈశ్వరప్రసాద్ కడుపుమంట చల్లారదు.

ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ కుసుమకుమారి వైర్‌లెస్ పంపింది: "రేపు పదకొండు. వర్క్‌షాపు గేటు. డెక్కర్ ఫిట్టర్ వేషం. కారు నాది." ఆ అందగత్తె నిజంగా ఎవరి మనిషో చీఫ్‌కి కూడా అనుమానమే.

మర్నాడు విశ్వకర్మ పూజ. కార్మికులు పెళ్ళాంబిడ్డలతో రైల్వే వర్క్‌షాపుకి తరలివచ్చారు. వంటవాడి వేషంలో గేటు దగ్గర కిచిడీ వడ్డిస్తూ ఈశ్వరప్రసాద్ ప్రతి మొహాన్నీ వెతుకుతున్నాడు. ఇంతమందిలో వాడెవడు?

అప్పుడే ఝపటాపూర్ పేట నుంచి వచ్చిన కార్మికుడి భార్య దాలమ్మ గొంతు ఖంగుమంది.

"ఏటి బావూ, పూజనాడు పానా సేతబట్టినావేటి? మా ఆయన పనిముట్లన్నీ బొట్లెట్టి దేముడి ముందెట్టేసినాడు. ఇయ్యాల ఎవులూ ముట్టరు గదా!"

"అర్జెంటు పనమ్మా," అన్నాడు ఫిట్టర్.

నీలం యూనిఫాం, గోళ్ళలో గ్రీజు, జేబులో హాజరుకిచ్చే ఇత్తడి బిళ్ళ, ఆఖరికి తెలుగు కూడా అన్నీ అచ్చం సరిపోయాయి. పాపం, అంత చదువు చదివినవాడికి ఈ ఒక్క ఆచారం ఎవరూ చెప్పలేదు.

ఈశ్వరప్రసాద్ గరిటె విసిరికొట్టి దూకాడు. డెక్కర్ పరుగెత్తి, ఆగివున్న అంబాసిడర్ కిటికీలోంచి పానా లోపలికి విసిరాడు. స్టీరింగ్ దగ్గర కుసుమకుమారి. కారు కదిలింది! అయితే ఈమె వాళ్ళ మనిషేనా?

రెండు గజాలు పోయి కారు ఆగింది. ఎక్కబోతున్న డెక్కర్ మొహం మీద ఫాట్‌మని కుసుమకుమారి తోసిన తలుపు తగిలింది. ఆమె పానా బోలు పిడి తిప్పింది. ఫిల్ము ఆమె అరచేతిలో పడింది.

ఈశ్వరప్రసాద్ వేళ్ళు డెక్కర్ పీకకి బిగిశాయి. కానీ వీడు ఇంత తేలిగ్గా పోతే అన్న ఆత్మ శాంతిస్తుందా? పళ్ళు కొరుకుతూ పట్టు వదిలాడు.

"మీ సర్కారుతో బేరం కుదుర్చుకుంటాను..." రొప్పాడు డెక్కర్.

"తప్పకుండా," అన్నాడు ఈశ్వరప్రసాద్. "నీ ఉరితాడు బెంగాల్ జనపనారతోనే పేనిస్తాను. దానికి సుంకం కట్టక్కర్లేదులే!"