డాక్టరమ్మ కొరికిన గింజ

ఆ యాసంగి పంటకాలం మొదట్లో నా చేతిలో ఉన్న ఆస్తి ఇది: మిర్యాలగూడ మార్కెట్ యార్డులో నాన్నతో కలిసి నడిపే వడ్ల దుకాణం, బేరమాడే నోరు, ఆ నోట్లో ఒక్కటీ పోని పళ్లు. మా వ్యాపారంలో అసలు పెట్టుబడి పళ్లే. తేమ కొలిచే మీటరు మా దగ్గరా ఉంది. కానీ రైతు మీటరును నమ్మడు. గింజ కొరికి చెప్తే నమ్ముతాడు. టక్కున విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే పచ్చి.

ఒకరోజు వడ్లలో రాయి వచ్చింది. టక్కున విరిగింది నా దవడ పన్ను.

హైదరాబాద్ నుంచి వచ్చిన పళ్ల డాక్టర్ ప్రత్యూష కొన్ని రోజులు సూర్యాపేటలో, కొన్ని రోజులు కోదాడలో, మిగతా రోజులు మా ఊళ్లో చూసేది. మూడు చోట్లా కిరాయి గదులే.

"గింజలు పళ్లతో టెస్ట్ చేస్తారా? మీరు చదువుకున్నవాళ్లే కదా?"

"బీకాం, మేడం. అందుల వడ్ల గురించి చెప్పలే."

"మాట్లాడొద్దు. నోరు తెరవండి. నొప్పి పుడితే ఎడమ చెయ్యెత్తండి."

ఎత్తాను.

"నేనింకా మొదలే పెట్టలేదు," అంది.

రూట్ కెనాల్ అంది, చాలాసార్లు రావాలంది. క్యాప్ పడేదాకా ఏదీ కొరకొద్దంది. అన్నీ కోపంగానే అంది. ఒకసారి హాలియా నుంచి వచ్చిన దేవసహాయం తాత, కొత్త పళ్లసెట్టు బస్టాండులో పోగొట్టుకున్నానన్నాడు. "నాకెందుకు చెప్తారు? వెళ్లి వెతుక్కోండి," అని కసిరి పంపింది. తర్వాత నేను బస్టాండుకు వెళ్తే, సిమెంటు బల్ల కింద ఫోన్ లైటు వేసుకుని, మోకాళ్ల మీద పాకుతూ ఆమే వెతుకుతోంది. సెట్టు దొరికింది.

"నన్నిక్కడ చూసినట్టు ఎవరికీ చెప్పకండి," అంది నాతో.

పై పొట్టే గరుకు, గింజ మంచిదని అప్పుడే తేల్చుకున్నాను.

చిక్కేమిటంటే, సొంత క్లినిక్ పెట్టుకోవడానికి కోదాడలో ఆమెకు మంచి గది దొరికింది. నెలాఖరు నుంచి ఇక అక్కడే ఉంటానంది. మా దుకాణం పైగది ఖాళీగా ఉందన్నాను.

"దుమ్ము," అంది. బేరం అక్కడే ఆగింది.

ఆ వారమే గరిడేపల్లి నుంచి రైతు ఉపేందర్ వడ్లు తెచ్చాడు. ఆ హడావిడిలో నా అపాయింట్‌మెంట్ మరిచిపోయాను. ఫోన్ కూడా ఎత్తలేదు. గింజ నోటి దగ్గరికి తీసుకెళ్లేసరికి ఎదురుగా ప్రత్యూష. రాని పేషెంటును వెతుక్కుంటూ వచ్చే డాక్టరును మా యార్డు చూడటం అదే మొదలు.

"కింద పడెయ్యండి."

"మేడం, కొరకకుంటే ధర ఎట్ల చెప్పాలె? ఉపేందరన్న నిలబడ్డడు."

ఆమె గింజ లాక్కుని తనే కొరికింది.

"విరిగింది. విరిగితే ఏంటట?"

"ఆరినట్టమ్మా," ఉపేందర్ అందుకున్నాడు. "సేటు పచ్చి అనబోయిండు."

నిజంగానే అనబోయాను. పూర్తి ధర ఇవ్వక తప్పలేదు.

వడ్లు ఊడ్చే గోపమ్మ చీపురు ఆపింది. "ఇంటోళ్లు తప్ప ఎవ్వలు గింజ కొరికి మాట చెప్పరు బిడ్డా. ఇగ నువ్వు ఈ దుకాణం మనిషివే."

ప్రత్యూష నావైపు తిరిగింది. "అలాంటి రూల్ ఉందా?"

"ఉంది."

"ముందే చెప్పాలి కదా."

"మాట్లాడొద్దన్నరు కద, మేడం."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. విసురుగా వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి సంగతి మా నాన్న రామలింగానికి చేరింది.

"బయటోళ్ల పన్ను మీద బేరం ఖతం చేసినవట."

"అయిపోయింది నాయినా."

"మన దుకాణంల గట్ల నడవదు. ఆ పిల్లనన్న ఇంటికి తే, లేకుంటే ఉపేందర్ వడ్లన్న వాపస్ ఇయ్యి."

"వడ్లు మిల్లుకు పోయినయ్."

నాన్న కండువాతో మూతి తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవాలంటే ఆయన చేసే పని అది. "అయితే ఇగ ఒక్కటే తొవ్వ."

మర్నాడు ఆమె కోదాడలో ఉండే రోజు. బస్సెక్కాను. చెప్పాల్సిన మాటలు దారంతా పేర్చుకున్నాను. కుర్చీలో పడుకుని నోరు తెరిచానో లేదో, రెండు దవడలకూ దూది కుక్కేసింది.

"ఇవాళ నేను మాట్లాడతాను. ఇక్కడి గది వద్దని చెప్పేశాను. మీ పైగదికి దుమ్ము రాకుండా అద్దాలు పెట్టించండి. మా అమ్మకు మీ సంగతి చెప్పాను. పేషెంటును ఎవరైనా పెళ్లి చేసుకుంటారా అంది. క్యాప్ పడ్డాక పేషెంట్ కాదన్నాను."

ఆగింది. క్యాప్ చేతిలోకి తీసుకుంది.

"ఇష్టం లేకపోతే ఎడమ చెయ్యెత్తండి."

రెండు చేతులనూ తొడల కిందికి నెట్టుకున్నాను.

ఆమె నా చేతులున్న చోటు చూసింది. "అయితే కదలకండి," అని క్యాప్ బిగించింది.

ఆఖరి లెక్క ఇది. పోయింది ఒక సొంత పన్ను, ఉపేందర్‌తో ఒక బేరం. వచ్చింది పైగదిలో డాక్టరు. ఇప్పుడు మేం మీటరుతోనే కొంటున్నాం. నమ్మని రైతు తలెత్తి "డాక్టరమ్మా" అని పిలుస్తాడు. ఆమె విసుక్కుంటూనే దిగొచ్చి గింజ కొరుకుతుంది. ఉన్నదున్నట్టు చెప్తుంది, నాకు నష్టమైనా సరే. ఆ నష్టాన్ని నేను లెక్కలోకి తీసుకోను.