మొదలు పైకి పాతిన గుంజ

మురళీకృష్ణ సంచీలో చొక్కాల మధ్య కందిపొడి సీసా సర్దుతూ తేజశ్రీ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. ట్రాన్స్‌ఫర్ మీద అతను సాయంత్రం రైలుకి గౌహతి వెళ్ళిపోతాడు. ఆదివారం ఆమెని చూడటానికి విజయవాడ నుంచి పెళ్ళివారొస్తారు. నజఫ్‌గఢ్‌లో తమ మేడమీద గదిలో రెండేళ్ళు అద్దెకున్న మనిషి, ఇంతవరకూ నోరు విప్పలేదే.

కింద ఆమె తండ్రి, రిటైరైన సుబేదారు అంకయ్య, పనిముట్లకి షెడ్డు కడుతున్నాడు. పక్కిల్లు కూలగొట్టినప్పుడు అడిగి తెచ్చుకున్న పాత యూకలిప్టస్ గుంజలు. మూడు ఆయనా మురళీ కలిసి పాతారు. నాలుగోది పొద్దున్నే మురళి ఒక్కడే పాతాడు.

"ఇదేంటోయ్, సన్నకొస కిందికి పెట్టావు?" అన్నాడు అంకయ్య. "చెట్టు ఎలా పెరిగిందో గుంజా అలాగే నిలబడాలి. మొదలు పైకుంటే మా వైపు ఆ కప్పు కింద కాలు పెట్టరు."

"పీకి మళ్ళీ పాతతానండీ."

"మరి రైలు?"

"రేపూ ఉందిగా."

అంకయ్య పంపు దగ్గరికి చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. తేజశ్రీ గొడుగు పట్టుకుని దిగొచ్చింది.

"మీ నాన్నగారు వడ్రంగి కదా. మొదలేదో మీకు తెలీదా?"

"తొందర్లో పొరపాటు..."

"ఝూఠ్ మత్ బోలో. మూడు సరిగ్గా పాతి నాలుగోది తలకిందులా?"

అతను గునపం ఆపాడు. "ఇంకో రోజు కావాలనిపించింది."

"దేనికి?"

"ఆదివారం వాళ్ళని రావద్దనండీ అని మీ నాన్నగారితో చెప్పడానికి."

"నాన్నతోనా? ముందు నాతో చెప్పాలని తెలీదూ?"

"మీతో రోజూ చెబుతూనే ఉన్నాను. కందిపొడి బాగుందని."

తేజశ్రీ నవ్వాపుకోలేక గొడుగు వంచి మొహం దాచుకుంది. అతను తడిసిపోయాడు.

"గొయ్యి లోతుగా తవ్వు," అని పంపు దగ్గర్నుంచి వినిపించింది. "పొద్దున్నే చూశాన్లే ఆ గుంజని. రైలు టైముకైనా నోరు పెగులుతుందేమోనని ఊరుకున్నా."

తర్వాత ఆయన వరండాలో నిలబడి విజయవాడకి ఫోన్ చేశాడు. "ఏమీ అనుకోకండి. పిల్లకి ఇక్కడే కుదిరింది."

తేజశ్రీ గొడుగు మురళి నెత్తిమీదికి జరిపింది.

మురళి మర్నాటి రైలుకి వెళ్ళాడు. మాఘంలో వచ్చి పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత ఆ షెడ్డులో కూచుని అంకయ్య తన మనవరాలికి ఉయ్యాల కూడా చేశాడు.

2024 ఆగస్టులో ఆస్పత్రికని ఆటో ఎక్కిన అంకయ్య అక్కడే కన్నుమూశాడు; షెడ్డు మాత్రం ఆ నాలుగు గుంజల మీదే నిలబడుంది.